ఉప్పు ఎక్కడికి పోతుంది?

కువైట్‌లో మురుగునీటిని శుద్ధిచేసే ఒక కేంద్రంలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. కడప జిల్లా పోరుమామిళ్ల దగ్గరి పల్లె నుండి వెళ్లినవాణ్ని కనుక నీటి కొరత నాకు కొత్త కాదు. ఒక్క నది కూడా లేని దేశంలో కుళాయి తిప్పినప్పుడల్లా నీళ్లు రావడమే వింతగా తోచింది.

ఆ దేశస్థులు ఒకప్పుడు షత్ అల్ అరబ్ నది నుండి పడవల్లో తాగునీరు తెచ్చుకునేవారట. 1950ల తొలినాళ్లలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడం మొదలైంది. ఉప్పునీటిని కాచి, ఆవిరిని చల్లార్చి తీసిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి, తాగడానికి అనువుగా చేసేందుకు అందులో కొద్దిగా ఉప్పదనమున్న భూగర్భజలాన్ని కలుపుతారు. ఉప్పు తీయించుకోవడానికి క్యానుకింత అని డబ్బిచ్చే ఊరి నుండి వచ్చిన నాకు, ఉప్పును కొలిచి కలిపే ఆ ఏర్పాటు మొదట్లో నవ్వు తెప్పించేది.

వాడిన నీటిని కూడా అక్కడ ఊరికే వదలరు. సులైబియాలోని కేంద్రాన్ని రోజుకు 37.5 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధిచేసే సామర్థ్యంతో కట్టారు. అటువంటి కేంద్రాల్లో నీటిని ముందు సూక్ష్మమైన వడపోతకు, ఆ తరువాత గట్టి పీడనంతో ఆర్‌ఓ మెంబ్రేన్లకు, అంటే ఉప్పును ఆపే పలుచని పొరలకు, పంపుతారు. నీరు పొరను దాటుతుంది, లవణాలు ఇవతలే చిక్కబడి మిగిలిన కాస్త నీటితో కలిసి బయటికి పోతాయి. అలా పోయే నీటినే రిజెక్టు అంటారు. మీటరులో పీడనం ఎక్కుతున్నదంటే పొరకు పాచి పట్టిందని అర్థం. రాత్రి షిఫ్టులో ఆమ్లంతో, క్షారంతో వాటిని కడగడం నా పని. ఆగస్టులో ఆ షెడ్డులో నిలబడిన వాళ్లకే ఆ ఉక్క ఏమిటో తెలుస్తుంది. షిఫ్టు మారేటప్పుడు మా సూపర్‌వైజరు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘రిజెక్టు ఎంత?’ వచ్చిన మంచినీటి లెక్క ఆ తరువాతే అడిగేవాడు.

అంతమాత్రాన అక్కడంతా బాగున్నదని కాదు. సముద్రపు నీటిని శుద్ధిచేయగా మిగిలిన వేడి ఉప్పునీరు తిరిగి గల్ఫ్‌లోకే పోతుంది. ఆ సముద్రం సగటు లోతు 35 మీటర్లే. ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ, కలిసే నదినీరు తక్కువ. మహాసముద్రాల్లో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటే ఇక్కడ చాలాచోట్ల 40 దాటుతుంది.

ఇదంతా తలకెక్కిన తరువాత సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు మా ఊరి మినరల్ వాటర్ ప్లాంటు వెనక్కి వెళ్లి చూశాను. ముందువైపు క్యాన్లకు వరుస ఉంది. వెనకవైపు ఒక పైపు నుండి రిజెక్టు నీరు కాలువలోకి, కాలువ నుండి కుంటలోకి పారుతోంది. బిందె పెట్టి కొలిస్తే ఒక బిందె మంచినీరు వచ్చేలోగా రెండు బిందెలు బయటికి పోయాయి. మా బోర్లలో ఫ్లోరైడు ఉన్నందుకే ఆ ప్లాంటు పెట్టారు. మనం తాగకుండా తప్పించుకున్న ఫ్లోరైడూ ఉప్పూ చిక్కబడి గొర్రెలు తాగే కుంటకు చేరుతున్నాయి.

పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. శాసనం సంస్కృతంలో ఉండడం వల్ల మా పిల్లకాయల్లో ఎవరికీ అది అర్థమయ్యేది కాదు. దాని సారాంశం నేను కువైట్ గదిలో మంచం మీద పడుకొని ఫోనులో చదివాను. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అది చెబుతుంది. కట్ట నుండి నీరు ఊరడం ఒక దోషం, చవుడు నేల మరొకటి. ఆనాటివారు చవుడు లేని చోటు వెదికి చెరువు కట్టారు. మేము మంచి కుంటకు పైపు వేసి మరీ చవుడు పట్టిస్తున్నాము.

ప్లాంటు యజమానికి నచ్చజెప్పాను. ‘అన్నా, నీళ్లమ్మితేనే కరెంటు బిల్లు గిట్టదు, దీనికెక్కడ ఖర్చు పెట్టేది?’ అన్నాడు. చివరికి క్యాన్లు కడగడానికి, పక్కనున్న మరుగుదొడ్లకు ఆ నీరు వాడేలా ఒక సిమెంటు తొట్టి కట్టించాము. ఖర్చులో సగం నేనిచ్చాను. మొన్న ఫోనులో నాయనను అడిగితే, ‘తొట్టి నిండినాక మళ్లా కుంటలోకే వదులుతాండారు నాయనా’ అన్నాడు.