హెర్ అంటే అసలు తలపండినవాడు

జర్మన్ మొదలుపెట్టిన ఎవరికైనా మొదటి పాఠంలోనే హెర్, ఫ్రౌ వచ్చేస్తాయి, మగవాళ్ల పేరు ముందు ఒకటి, ఆడవాళ్ల పేరు ముందు ఇంకొకటి, అంతే కదా అని పేజీ తిప్పేస్తాం. నాకు మాత్రం హెర్ దగ్గర ఆగి చూడటం చాలా ఇష్టం.

ప్రభువు, యజమాని అని డిక్షనరీ చెప్పేది తర్వాత వచ్చిన అర్థం. పాత జర్మన్‌లో హేర్ అంటే నెరిసిన, అందుకే పూజ్యమైన అని. దానికి పోలిక చెప్పే ప్రత్యయం తగిలిస్తే హేరిరో, అంటే మరింత తలపండినవాడు, పెద్దాయన. ఇది వాళ్లంతట వాళ్లకి తట్టిన మాట కూడా కాదు, లాటిన్‌లో ప్రభువుని సెనియోర్, అంటే వయసులో మరింత పెద్దవాడు అనేవారు, అదే అచ్చులో దీన్ని పోతపోసుకున్నారు. ఫ్రెంచ్ మొస్యో, స్పానిష్ సెన్యోర్, ఇంగ్లిష్ సర్ అన్నీ ఆ సెనియోర్ సంతానమే.

ఈ మార్పు కళ్లారా చూడాలంటే హిల్డెబ్రాండ్స్‌లీడ్ చూడాలి. 9వ శతాబ్దంలో ఒక మతగ్రంథం మొదటి, చివరి పేజీల్లో ఖాళీ ఉంటే అక్కడ రాసిపెట్టిన వీరగాథ అది, ఇప్పుడు కాసెల్‌లో ఉంది. రెండు సైన్యాల మధ్య తండ్రీకొడుకులు ఎదురుపడతారు. ముందు నోరు విప్పేది తండ్రి, ఎందుకంటే అతను 'హేరోరో మన్', వయసులో పెద్ద. కాస్త ముందుకెళ్తే అదే మాట 'హెర్రోన్'గా కనిపిస్తుంది, ఇంటి దగ్గర నీకు మంచి ప్రభువు ఉన్నాడని నీ కవచమే చెబుతోంది అనే చోట. ఒకే పాటలో పాత అర్థమూ కొత్త అర్థమూ పక్కపక్కనే బతికున్నాయి, ఇంతకంటే మంచి సాక్ష్యం నేనైతే చూడలేదు.

మరి అంతకుముందు ప్రభువుని ఏమనేవారు? ఫ్రో అనేవారు. హెర్ వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది. కానీ దాని స్త్రీరూపం చెక్కుచెదరలేదు, అదే ఈనాటి ఫ్రౌ! అంటే మనం జంట అనుకునే ఈ రెండు మాటలకీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. ఫ్రో మాత్రం ఫ్రోన్‌లైష్నామ్ లాంటి పండగ పేర్లలో, అంటే ప్రభువు దేహం అనే క్రైస్తవ పర్వదినంలో, ఇరుక్కుని మిగిలింది.

మధ్యయుగాల్లో దొరలకే దక్కిన హెర్ మెల్లగా పట్నవాసులకి, ఆ తర్వాత ప్రతి మగవాడికీ దక్కింది. డచ్‌లో 'నా ప్రభూ' అన్నదే అరిగి మెనేర్ అయింది. ఐస్‌లాండ్‌లో మాత్రం మామూలుగా అందరినీ సొంత పేరుతోనే పిలుచుకుంటారు, హెర్రా అనేది ప్రధానంగా దేశాధ్యక్షుడికి, బిషప్‌కి వాడే మాట.