ఫోన్ నంబరు కొడితే దారి చెప్పే కారు

హనుమకొండలో మా ఇంటికి మొదటిసారి వచ్చేవాళ్లెవరూ ఫోన్ చేయకుండా చేరుకున్నది లేదు. డెలివరీ అబ్బాయి కేయూ క్రాస్ దగ్గర ఆగి "సార్, ఎటు రావాలె?" అంటాడు. నేను ఇంటి నంబరు చెప్పను. 2-5తో మొదలై చివర బై ఏ ఉన్న ఆ నంబరు పన్ను రసీదుకు తప్ప ఎందుకూ పనికిరాదు. "పెట్రోల్ బంకు దాటినంక పోచమ్మ గుడి వస్తది, గుడి పక్క సందుల మూడో ఇల్లు, నీలం గేటు" అంటాను. ఆ గేటుకు ఆకుపచ్చ రంగు వేయించి రెండేళ్లయింది. అయినా నోటికి నీలమే వస్తుంది.

పోయిన అక్టోబరులో మా ఆవిడా నేనూ జపాన్ వెళ్లాం. మా అక్క కొడుకు ఫుకుఓకాలో ఉద్యోగం చేస్తున్నాడు. "మామా, అసో కొండలు చూపిస్త, కారేసుకుని పోదాం" అని ఏడాది నుంచి ఊరించాడు. తీరా మేం దిగాక వాడికి సెలవు దొరకలేదు. "హైదరాబాద్ ట్రాఫిక్‌ల నడిపినోనివి, గీడ నీకేం కష్టం? వీళ్లు గూడ ఎడమ పక్కనే నడుపుతరు" అని మమ్మల్ని మా మానానికి వదిలేశాడు. వరంగల్ ఆర్టీఏలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ముందే తీసుకోవడం మంచిదైంది. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్‌నే జపాన్ ఒప్పుకుంటుంది. మనది ఆ రకమే, ఒక ఏడాది చెల్లుతుంది.

హోటల్ కార్డు మీద అడ్రసు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పేట పేరు, దాని పక్కన 2-5-18. "ఇది మన హనుమకొండ నంబరు గదరా" అన్నాను. వాడు అదేం తమాషా కాదన్నాడు. అక్కడ చాలా వీధులకు పేర్లే ఉండవట. పేటను చోమెలుగా, చోమెను బ్లాకులుగా విడగొట్టి, బ్లాకులో ఇంటికో నంబరు ఇస్తారు. పాత పేటల్లో అయితే నంబర్లు వరుసలో కూడా ఉండవు. ఏది ముందు నమోదైతే దానికి ముందు నంబరు. పక్కపక్క ఇళ్లకు 7, 31 ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ దేశం కార్లలో దారి చూపే యంత్రం కోసం అంత తపించిందంటే ఎందుకో నాకు అక్కడే అర్థమైంది. వాళ్లు దాన్ని కానబి అంటారు. మన చెవికి ఏదో కానరాదు అన్నట్టే వినిపిస్తుంది.

అద్దె కారు చిన్నది, తెల్లది. నంబరు ప్లేటు మీద ఉన్న జపనీస్ అక్షరం 'వ' అని మేనల్లుడు చదివి చెప్పాడు. అద్దె కార్లకు ఆ అక్షరం ఇస్తారు కాబట్టి, వెనకవాళ్లు మన తడబాటు చూసి కాస్త ఓపిక పడతారట. తడబాటు మొదటి సిగ్నల్ దగ్గరే మొదలైంది. మా కారులో ఇండికేటర్ పుల్ల స్టీరింగుకు ఎడమ పక్క ఉంటుంది, అక్కడ కుడి పక్క. మలుపు వచ్చిన ప్రతిసారీ ఎర్రటి ఎండలో నా వైపర్లు ఊగాయి. మూడో రోజుకు గానీ చెయ్యి మాట వినలేదు. ఇంకొకటి, ఎర్ర లైటు ఉండగా ఎడమకు తిరగడం అక్కడ కుదరదు. మన ఫ్రీ లెఫ్ట్ అలవాటుతో ఒకసారి సగం దాకా పోయి, బ్రేకు మీద నిలబడ్డాను.

కానబి ఆడగొంతుతో, జపనీస్‌లో మాత్రమే మాట్లాడేది. ఇంగ్లిష్ పెట్టడం ఆ మోడల్‌లో లేదన్నారు. మేనల్లుడు పార్కింగులోనే పాఠం చెప్పాడు. మిగి అంటే కుడి, హిదరి అంటే ఎడమ. "కుడి చేత్తో తినంగ మిగిలింది మిగి అనుకో మామా" అన్నాడు. హిదరికి ఏ కిటుకూ దొరకలేదు, మిగి కానిది హిదరి అని సరిపెట్టుకున్నాం. నాకు బాగా నచ్చింది మాత్రం మిచినారి. కొంతసేపు మలుపులేమీ లేకపోతే ఆమె "షిబరాకు మిచినారి దెస్" అంటుంది. దారి ఎటు పోతే అటు పో అని. మా ఊళ్లో "గట్లనే సక్కగ పో" అంటారు చూడండి, అచ్చం అదే. ఆ 'సక్కగ'లో పది వంకరలున్నా సక్కగే.

అసలు విడ్డూరం గమ్యం ఎక్కించే పద్ధతి. అడ్రసు కొట్టక్కర్లేదు. ఆ చోటి ల్యాండ్‌లైన్ ఫోన్ నంబరు కొడితే చాలు, హోటలైనా, గుడైనా, నూడుల్స్ దుకాణమైనా మ్యాపులో వచ్చి కూర్చుంటుంది. ఫోన్ లేని కొండలకూ మైదానాలకూ మ్యాప్‌కోడ్ అని మరో అంకెల వరుస ఉంది. మధ్యలో నక్షత్రం గుర్తు ఉంటుంది. మేనల్లుడు మేం వెళ్లే ఆరు చోట్ల నంబర్లూ ఒక కాగితం మీద వరుసగా రాసి, పక్కన తెలుగులో పేర్లు పెట్టి ఇచ్చాడు. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ ఉండగా ఇదంతా ఎందుకు అనుకున్నాను. ఆ ధీమా రెండో రోజు దాకానే. ఎక్స్‌ప్రెస్‌వే పక్క హోటల్ నుంచి మా ఆవిడ హనుమకొండలో ఉన్న అత్తమ్మకు వీడియో కాల్ చేసి టాయిలెట్ సీటు వేడిగా ఉండటం దగ్గర నుంచి అన్నీ చూపించింది. ఫోన్లో కొన్న డేటా అక్కడికి సరి.

కుమమొతో దాటి 57వ నంబరు జాతీయ రహదారిలో అసో వైపు ఎక్కుతుంటే కానబికీ రోడ్డు బోర్డుకూ మాట కలవలేదు. ఆమె హిదరి అంటోంది. బోర్డు మీద ఇంగ్లిష్‌లో మినామి అసో అని రాసి కుడికి బాణం ఉంది. ముందున్న బస్సు కూడా కుడికే తిరిగింది. బస్సు డ్రైవర్ని నమ్మాను. ఎదుట కొత్త వంతెన, కింద లోతైన లోయ, అడుగున ఎక్కడో నది. తెర మీద మాత్రం వంతెన లేదు. రోడ్డు లోయ అంచున ఆగిపోయింది, మా కారు గుర్తు దాన్ని వదిలి పచ్చరంగులోకి జారింది. "ఏందండీ, మనం గాల్లో పోతున్నమా?" అంది మా ఆవిడ. కానబి దారి మళ్లీ వెతికింది, మళ్లీ వెతికింది. వెనక్కి తిరగమన్నట్టు వంకర బాణం చూపించింది. అంత పెద్ద వంతెన మధ్యలో, అర కిలోమీటరు పైచిలుకు పొడవున, మేం దాని లెక్కలో లేం.

అవతల వ్యూ పాయింట్ దగ్గర ఆగితే సంగతి తెలిసింది. 2016 ఏప్రిల్‌లో కుమమొతో భూకంపం వచ్చినప్పుడు కొండ విరిగిపడి పాత అసో వంతెన లోయలోకి పోయింది. కొత్తది కాస్త దిగువన కట్టి 2021 మార్చిలో తెరిచారు. మా కారులోని మ్యాపు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఆగిపోయిందన్నమాట. పాత వంతెన లేదని దానికి తెలుసు, కొత్తది వచ్చిందని తెలియదు. అద్దెకిచ్చినవాళ్లు మ్యాపు అప్‌డేట్ చేయలేదు, మాకు చెప్పనూ లేదు. చెప్పినా జపనీస్‌లో చెప్పి ఉంటారు.

అసలు దారి తప్పడం ఆ సాయంత్రం జరిగింది. రాత్రికి మినామి అసోలో ఒక చిన్న గెస్ట్‌హౌస్. కారు ఆపితే గానీ కానబిలో అంకెలు కొట్టనివ్వదు, అందుకని ఒక దుకాణం ముందు ఆపి కాగితం చూస్తూ 0967తో మొదలయ్యే నంబరు కొట్టాను. ఆమె చక్కగా తీసుకెళ్లింది. మధ్యలో "ఫుమికిరి" అని గట్టిగా హెచ్చరిస్తే అదేదో మలుపనుకున్నాను. రైలు పట్టాలు. గేటు లేచే ఉంది, రైలు కనుచూపు మేరలో లేదు, అయినా ముందు కారు పూర్తిగా ఆగి, చూసుకుని కదిలింది. అక్కడ అది చట్టం. గేటు పడ్డాక కూడా బండి పక్కకు వంచి కింద నుంచి దూరిపోయేవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ని, ఎందుకో సిగ్గేసింది.

చివరికి "మోకుతెకిచి షూహెన్ దెస్" అని చెప్పి ఆమె గొంతు మూసుకుంది. గమ్యం చుట్టుపక్కలకు వచ్చారు అని అర్థం. వచ్చేశారు అని ఎప్పుడూ అనదు. చుట్టుపక్కల దాకా తెచ్చి ఊరుకుంటుంది. మేం నిలబడ్డది రేకుల షెడ్డు ముందు, లోపల రెండు ట్రాక్టర్లు. నాలుగు వైపులా కోసేసిన వరి మళ్లు. చుట్టుపక్కల అంది గదా, ఇక్కడే ఎక్కడో ఉంటుందని చీకటి పడుతుంటే పావుగంట గట్ల మీద తిరిగాం. తప్పు చోటికి తెచ్చిందన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

షెడ్డులోంచి డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన వచ్చాడు. నూనె మరకల చేతి తొడుగు ఒకటి విప్పి చంకలో పెట్టుకుని "ఇందో?" అన్నాడు. ఇండియానా అని. అవునని తలాడించి కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని కారు లైటు వెలుగులో పట్టుకుని, నంబరు మీద వేలు పెట్టి, తన షెడ్డు బోర్డు మీదున్న నంబరు చూపించాడు. ఒక్క అంకె తేడా. మేనల్లుడి చేతిరాత కూడా జపనీస్ అయిపోయింది. వాడి ఏడుకు ఎడమ పక్క చిన్న కొక్కెం ఉంది, అది నాకు తొమ్మిదిలా కనబడింది. పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి ఆ అంకెను దిద్దాడు. నేను దారి చెబుతాడేమోనని చేత్తో సైగ చేశాను. చేత్తో ఏం చూపించలేదు. కిటికీలోంచి నడుము దాకా లోపలికి వంగి, నూనె లేని వేలితో తనే పది అంకెలూ ఒక్కొక్కటిగా కొట్టాడు. తెర మీద గెస్ట్‌హౌస్ పేరు వచ్చింది. ఆయన ఆమెకు అప్పగించినట్టు తెరను ఒకసారి తట్టి వెనక్కి జరిగాడు. మా ఆవిడ సంచిలోంచి సకినాలు తీసి పెట్టింది. ఇటూ అటూ తిప్పి చూసి, అక్కడే ఒకటి పటపట నమిలాడు.

మర్నాడు కుససెన్‌రి పచ్చిక, నకదకె అగ్నిపర్వతం బిలం నుంచి లేస్తున్న పొగ, ఆ తరవాత బెప్పు వేడినీటి గుండాలు. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది బెప్పు నుంచి తిరిగొస్తున్నప్పుడు సొరంగాల సంగతి. లోపల ఉపగ్రహాల సిగ్నల్ అందదు, అయినా తెర మీద కారు గుర్తు మాతోపాటే కదిలింది. చక్రాలు తిరిగిన లెక్కా, లోపల గైరో అనే పరికరం చెప్పే వంపూ కలిపి అంచనా కడుతుందట. ఉపగ్రహాలు కార్లకు దారి చెప్పని 1981లోనే హోండా తన అకార్డ్ కారులో గ్యాస్ గైరోతో దారి చూపే పరికరం అమ్మింది. అందులో మ్యాపు పారదర్శకమైన షీటు, తెర మీద పరిచి పెట్టుకోవాలి. జీపీఎస్‌తో పనిచేసేది 1990లో మాజ్దా కారులో వచ్చింది. ఈ కబుర్లన్నీ మేనల్లుడివి. ఏడు సరిగ్గా రాయడం మాత్రం వాడికి రాదు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ నుంచి రైల్లో కాజీపేటలో దిగి క్యాబ్ ఎక్కాం. పోచమ్మ గుడి దగ్గర డ్రైవర్ ఫోన్ "మీరు గమ్యం చేరుకున్నారు" అంది. మా ఆవిడ "మోకుతెకిచి షూహెన్" అని గొణిగింది. సందులోకి తిప్పమని, నీలం గేటు దగ్గర ఆపమని చెప్పాను. బండి సందు చివర దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయింది.

"నీలం గేటేది సార్, గీ సందులనే లేదు" అన్నాడు డ్రైవర్.

"ఆకుపచ్చది బాబూ, ఆకుపచ్చది" అంది మా ఆవిడ వెనక సీటు నుంచి.