మా తర్వాత కాదు, మేముండగానే

మేధో వైకల్యం ఉన్నవారి తల్లిదండ్రులు నలుగురు కలిసిన చోట, మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ఒక్క దగ్గరికే వస్తాయి: "మేం పోయాక వీడి గతేమిటి?" మా ఇంట్లోనూ తమ్ముడి గురించి ఈ మాట నా చిన్నతనం నుంచీ వింటున్నాను. ఇప్పుడు వాడు ముప్పై దాటాడు. బ్యాంకులో డిపాజిట్ వేయడం, ఇల్లు తోబుట్టువు పేర రాసి బాధ్యత అప్పగించడం, ఏదైనా మంచి హోమ్ గురించి వాకబు చేసి ఉంచుకోవడం వంటి జాగ్రత్తలన్నీ అవసరమే, కాదనను. కానీ నలభై ఏళ్లు వచ్చేదాకా కంచంలో అన్నం కలిపి పెట్టి, చొక్కా కూడా మనమే ఎంచి తొడిగి, ఆ మర్నాడు ఒక్కసారిగా కొత్త మనుషుల మధ్యకు పంపిస్తే, ఏ డిపాజిట్టూ ఆ మనిషిని ఆదుకోలేదు. బతకడం అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు అమ్మానాన్నలు ఉండగానే మొదలు కావాలి.

అన్నం వండటం నేర్పేటప్పుడు ఈ సంగతి నాకు బాగా అర్థమైంది. మనకు ఒకే పనిగా కనిపించేది వాడికి ఏడెనిమిది పనులు: గ్లాసుతో బియ్యం కొలవడం, కడగడం, గిన్నెలోని గీత దాకా నీళ్లు పోయడం, గిన్నె అడుగు తడి లేకుండా తుడవడం, కరెంటు కుక్కర్‌లో దించడం, మూత పెట్టడం, ప్లగ్ పెట్టి మీట నొక్కడం. పనిని ఇలా ముక్కలు చేసి, చివరి ముక్కను ముందు నేర్పమని ప్రత్యేక విద్య టీచర్లు చెబుతారు. మొదట్లో తమ్ముడు మీట ఒక్కటే నొక్కేవాడు. అయినా వంట పూర్తి చేసింది తానే కాబట్టి ఆ సంతోషం వాడికి దక్కేది. ఆ తర్వాత ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లాము. అడుగు తుడవడం మాత్రం మరిచిపోతూనే ఉండేవాడు, అందుకని కుక్కర్ మూత మీద ఒక పసుపు రంగు గుడ్డ వేసి ఉంచడం మొదలుపెట్టాము. గుడ్డ తీయకుండా మూత తెరవలేడు, గుడ్డ చేతిలోకి వస్తే తుడవడం గుర్తొస్తుంది. ఈ రోజుకీ ఆ గుడ్డ అక్కడే ఉంది, ఎప్పటికీ ఉండవచ్చు కూడా. ఆ ఆసరాతో వండినా అది వాడు వండిన అన్నమే. అన్ని పనులూ ఎవరి సాయమూ లేకుండా చేయగలిగితేనే స్వతంత్రం అనుకుంటే, మనలో ఎవరూ ఆ లెక్కలోకి రారు.

డబ్బు సంగతి ఇంతకన్నా సున్నితమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఆ మనిషి పేరనే ఉంటుంది, వేలిముద్రా ఆ మనిషిదే, కానీ చాలా ఇళ్లలో ఆ సొమ్ములో ఒక్క నోటైనా ఆ చేతిలో నిలవదు. మందులకూ ఇంటి ఖర్చులకూ అది ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అయినా అందులో కొద్ది మొత్తం, నెలకు రెండు మూడు వందలైనా సరే, ఆ మనిషి ఇష్టప్రకారం ఖర్చు చేయనివ్వాలి. నచ్చని చెప్పులు కొనుక్కుని బాధపడే అవకాశం కూడా వారికి ఉండాలి.

చట్టం ఈ విషయంలో మన ఇళ్లకన్నా ముందుంది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండగానే చాలామంది తల్లిదండ్రులు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి సంరక్షకత్వం, అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధమైన బాధ్యత, కోసం దరఖాస్తు చేస్తారు. బ్యాంకులో పని జరగాలంటే ఆ కాగితం తరచూ అవసరమవుతుంది. కానీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం గురించి చెబుతుంది: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తి ఇష్టానికి లోబడి, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. అదే చట్టంలోని అయిదో సెక్షన్, దివ్యాంగులకు సమాజంలో నలుగురితో కలిసి జీవించే హక్కు ఉందనీ, ఫలానా చోటే ఉండి తీరాలనే బలవంతం వారిపై లేకుండా ప్రభుత్వం చూడాలనీ అంటుంది. మా తమ్ముడు రేపు ఎక్కడ ఉండాలో మేము మాట్లాడుకునేటప్పుడు వాడిని కూడా కూర్చోబెట్టుకోవడం ఇది చదివాకే మొదలైంది. వాడు చెప్పింది ఒక్కటే: మేడ వద్దు, కింది ఇల్లు కావాలి. అది మా ఆలోచనల్లో ఎక్కడా లేదు.

పెద్ద హోమ్‌లకన్నా నాకు నచ్చే ఏర్పాటు, తెలిసిన కాలనీలోనే ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఒక ఇంట్లో ఉండి, పొద్దునా సాయంత్రమూ ఒక సహాయకుడు వచ్చి వెళ్లడం. ఆ 1999 చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్‌కు ఘరౌందా పేరుతో, ఇలాంటి వయోజనులు ఉండే గృహాల పథకం ఉంది, కానీ అవసరం ముందు అది చాలా చిన్నది. సహాయకుడి జీతం మధ్యతరగతి కుటుంబానికి భారమే. తీవ్రమైన సాయం అవసరమైనవారికి సహాయకుల కోసం భత్యం ఇవ్వాలని 2016 చట్టంలోనే ఉంది, దానిని అడగవలసింది కుటుంబాలుగా మనమే. ఈలోగా కనీసం నెలకొక రెండు రోజులు, మీ ఇంటి మనిషిని మరో కుటుంబంలోని స్నేహితుడితో కలిసి ఉండనివ్వండి, వారి మనిషిని మీ ఇంటికి పిలవండి. మా ప్రాంతంలో మూడు కుటుంబాలం ఇలా మొదలుపెట్టాము, నాలుగో కుటుంబం కోసం చూస్తున్నాము.