చుట్లు పెంచకు, మర చూడు

మన బ్యాచ్ సంచికకు వర్క్‌షాపు మాస్టారి గురించి అందరూ రాస్తున్నారు, నువ్వు ఇంకేదైనా రాయి అని కమిటీ వాళ్లు చెప్పారు. నాకు ఇంకేదీ గుర్తు లేదు. మొదటి ఏడాది డ్రాయింగు, లెక్కలు, పరీక్షలు అన్నీ చెరిగిపోయాయి. మిగిలింది పైపుల వర్క్‌షాపు ఒక్కటే.

లీకు రాకుండా పైపు మరల మీద వేసే టేపును మర తిరిగే వైపే చుట్టాలని మాస్టారు ఎంత మొత్తుకున్నా వినని మన బ్యాచ్‌వాణ్ణి ‘ఎడమచుట్టు’ అనేవాళ్లం. ఇప్పుడా ఎడమచుట్టు పెద్ద ఆఫీసరు, పేరు రాయను.

ఆ కప్లింగ్ (రెండు పైపుల్ని కలిపే, లోపల మరలున్న ముక్క) రోజు గుర్తుందిగా? అరంగుళం నిపుల్, అంటే బయట మరలున్న పొట్టి పైపు ముక్క, అందులోకి చక్కగా ఎక్కింది, ప్రెషర్ పెట్టగానే కారింది. చుట్లు పెంచాం. మళ్లీ కారింది. పక్క వైస్ వాళ్లు టేపు మీద పేస్టు కూడా పూశారు. మాస్టారు స్టూలు మీద కూర్చుని మీసాల్లో నవ్వుకుంటున్నారు. టేపు రీళ్లు అయిపోయాక జేబులోంచి మరలు కొలిచే థ్రెడ్ గేజ్ తీశారు. నిపుల్ ఎన్‌పీటీ (అమెరికా పైపు మర), కప్లింగ్ బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర)! రెండింటికీ అంగుళానికి 14 మరలే, కోణమే వేరు: ఒకటి 60 డిగ్రీలు, ఇంకోటి 55. “లీకును ఆపేది మరరా! అంచుకీ గాడికీ మధ్య మిగిలిన సందు పూడ్చడమే టేపు పని” అన్నారు. ఆ తిట్టు మీదే నా ఉద్యోగం నడుస్తోంది.

ఇప్పుడు నా సంతకం పడందే లైన్లోకి గ్యాస్ వదలరు. లీకు ఆపడానికి ఏ సీలెంట్ మంచిది సార్ అని కుర్ర ఇంజనీర్లు అడుగుతారు. పైపులో ఏం పారుతుంది, ఎంత వేడి, రేపు విప్పాలా అని నేను ఎదురు అడుగుతాను. చన్నీళ్లకు టెఫ్లాన్ టేపు చాలు, మొదటి మర వదిలి చుట్టాలి, లేకపోతే పీలికలు వాల్వులో ఇరుక్కుంటాయి. ఎల్బోను (వంపు ముక్కను) సరిచేయడానికి కాస్త వెనక్కి తిప్పాల్సి వస్తే టేపు నమ్మకం లేదు, నార-పేస్టు నయం. లోహపు పైపు అదురుతుంటే అనెరోబిక్ జిగురు వాడతాను. గాలి అందని చోట లోహాన్ని తాకి గట్టిపడుతుంది. ప్లాస్టిక్‌కు మాత్రం వద్దు, కొన్ని రకాలు పగుళ్లిస్తాయి. ప్లాస్టిక్ సాకెట్లో టేపు దట్టించినా ఆ సాకెట్టే చీలొచ్చు.

ఆక్సిజన్ లైన్ దగ్గరికి నూనె ఉన్న పేస్టే కాదు, జిడ్డు అంటిన గ్లౌజును కూడా రానివ్వను, ఆక్సిజన్లో జిడ్డుకు మంట అంటుకుంటే ఆపలేం. ఆ విషయంలో మాస్టారి కంటే నేనే చండశాసనుణ్ణని మా కుర్రాళ్ల ఫిర్యాదు. మాస్టారిని చూసిన మీరు నమ్మరనుకోండి.