సారుకు చెప్పిన మాట

పదకొండున్నర దాటింది. ఇంట్లో కాలిన వాసన ఇంకా పోలేదు. అమ్మ గది తలుపు వేసుకుని, సందులో తడి తువ్వాలు కూడా కుక్కింది. అంత అవసరం లేదు, నన్ను దెప్పడానికే.

మారుతి జెన్ కారు వాల్వ్ కవరుకు, అంటే ఇంజన్ పైమూతకు, నేను వేసిన రంగు పాడైంది. మొత్తం కాదు, ఎడమ చివర జానెడు మేర పొక్కులు. సాయంత్రం ఓవెను తెరిచినప్పుడు (అవును, ఆ పాతదే. ఇక వంటింట్లోకి రానివ్వనని రాసిచ్చాను) రెండు నిమిషాలు గంతులు వేయాలనిపించింది. అచ్చం చపాటా మిరపపండు రంగు. తర్వాత లైటు కిందకు తెచ్చి చూశాను.

నిజానికి రాయాలనుకున్నది పొక్కుల గురించి కాదు, ఆ షాపతని గురించి.

గురువారం ములుగు రోడ్డు వైపు శాండ్ బ్లాస్టింగ్ (ఇసుకను గాలితో కొట్టి పాత రంగు, మురికి వదిలించడం) చేసే ఒకచోటికి మా ఆయనా నేనూ వెళ్లాం. కవరు పట్టుకున్నది నేను, మాట్లాడింది నేను. "గాస్కెట్ (నూనె కారకుండా వేసే పట్టీ) కూర్చునే అంచుకు టేపు వేయండి, లోపలి రేకు వెనక్కి ఇసుక పోకుండా రంధ్రాలు మూయండి" అన్నాను. అతను శ్రద్ధగా విని, ఈయన వైపు తిరిగి "ఎప్పటికి కావాలి సార్?" అన్నాడు. ఆ కవరు బండిలో ఎక్కడ ఉంటుందో కూడా ఈయనకు తెలియదు. ధర సారుకు చెప్పాడు, ఎప్పుడు రావాలో సారుకు చెప్పాడు, టీ గ్లాసు కూడా ముందు సారుకే. "ఆవిడను అడగండి" అని ఈయన ఒక్క మాట అనవచ్చు కదా! అనలేదు. అంతా తెలిసినట్లు తల ఊపారు.

తెచ్చి చూస్తే టేపు వేసిన జాడ లేదు. నున్నగా ఉండాల్సిన అంచు బొరుగుల్లా గరుకెక్కింది. రంధ్రాలూ మూయలేదు. లోపలి రేకు ఎందుకంటే, ఇంజన్‌లోంచి ఆవిరితో పాటు ఎగిరే నూనెను ఆపడానికి. దాని వెనక ఇసుక మిగిలి నూనెలో కలిసిందంటే క్యామ్‌షాఫ్టు, బేరింగులు గీరుకుపోతాయి. నిన్నంతా అదే పని. సబ్బు నీళ్లు పోయడం, గాలి కొట్టడం, బోర్లించి తట్టడం, మళ్లీ నీళ్లు. ఎనిమిదోసారి కూడా తెల్లగుడ్డ మీద రెండు రేణువులు పడ్డాయి. చివరికి రేకే ఊడదీశాను. అదే పనిని అతను అరగజం టేపుతో తప్పించి ఉండేవాడు. సారు చెప్పి ఉంటే వేసేవాడేమో.

ఈ కోపంతోనే ఇవాళ పౌడరు కొట్టాను, అంటే ఓవెనులో కాలిస్తే కరిగి పొరగా మారే పొడి రంగు. కవరుకు ఎర్త్ తీగ తగిలించి గన్ను నొక్కితే పొడి దానంతటదే వెళ్లి అతుక్కోవడం చూడముచ్చటగా ఉంటుంది. మూలల్లోకి మాత్రం వెళ్లదు, ఎంత బతిమాలినా. ఓవెను వేడెక్కుతుండగా మొదట వచ్చింది రంగు వాసన కాదు, పాత ఇంజన్ ఆయిలు వాసన. అప్పుడైనా ఆపవలసింది.

పైగా ఆ వాసనతో లేచిన పొగ చూస్తే కళాయి వేసే తాత గుర్తొచ్చాడు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో మా వరస చివర వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, తిత్తి గొట్టం అందులో పెట్టి, బొగ్గులు పోసేవాడు. క్వార్టర్లలోని ఆడవాళ్లంతా ఇత్తడి గిన్నెలు తెచ్చి చుట్టూ కూర్చునేవారు. "పులుసు కాచేది ఏది తల్లీ?" అని అమ్మను అడిగి, దాన్ని విడిగా పెట్టి, దానికి తగరం కాస్త మందంగా పూసేవాడు. లేకపోతే పులుపుకు చిలుము దిగుతుంది. నాన్న పక్కనే నిలబడి ఉన్నా ఒక్కసారీ ఆయనను అడగలేదు. గిన్నె ఎవరిదో అతనికి తెలుసు. కాలిన గిన్నెలో నవాసాగరం చల్లగానే తెల్లటి పొగ లేచేది, మేము దగ్గుకుంటూ పరిగెత్తేవాళ్లం. తగరం కడ్డీ తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె వెండిలా మెరిసేది. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది. అతని దగ్గర థర్మామీటరు ఎక్కడిది? నేను 200 డిగ్రీల కోసం లేజరు చుక్క పడే దానితో నిమిషానికోసారి కవరును కొలుస్తూ కూర్చున్నాను.

అతను తగరం ముట్టే ముందు ఖాళీ గిన్నెను బాగా కాల్చేవాడు. ఇది రాస్తుంటే తట్టింది.

షాపతను ఈయనకు ఒక మాట చెప్పాడు. "సార్, ఇది పోత అల్యూమినియం, ఏళ్ల తరబడి నూనె తాగి ఉంటుంది. రంగు వేసే ముందు ఒకసారి ఖాళీగా కాల్చమనండి." కారులో ఈయన ఆ మాట నాకు చేరవేశారు కూడా. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సారుకు చెప్పిన సలహా నాకెందుకని. తీరా పోతలోని సన్నటి రంధ్రాల్లో దాగిన నూనె, పొడి కరిగి పొరగా మారే వేళకు ఆవిరై పైకి తన్నింది. పొక్కులు అవే.

కాబట్టి తప్పు నాదే. సగం. టేపు సంగతి అతనిదే, అది వదలను.

అయినా ఇంకోటి. అతను "కాల్చండి" అనలేదు, "కాల్చమనండి" అన్నాడు. అంటే పని ఎవరు చేస్తారో మొదటి నుంచీ తెలుసు! తెలిసీ సారుతోనే మాట్లాడాడు. ఇప్పుడు ముందుకంటే ఎక్కువ మండుతోంది.

పొర తీయడానికి కాస్టిక్ సోడాలో నానబెట్టమని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు. పొరతో పాటు అల్యూమినియం కూడా కరుగుతుంది, కృతజ్ఞతలు. మళ్లీ బ్లాస్టింగే దిక్కు, ఇక్కడ దగ్గరలో ఉన్నది ఆ ఒక్క షాపే. ఈసారి అంచుకు టేపు ఇంటి దగ్గరే నేనే వేసుకుని, రంధ్రాలకు రబ్బరు బిరడాలు కొట్టి తీసుకెళ్తాను. ఒక్కదాన్నే. నేనూ రానా అని ఈయన అడిగారు, వద్దన్నాను. స్కూటరు మీద కవరును ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఇంకా తేలలేదు.