మార్చి 14, సూర్యలంక: తీరం మీద ఒక రోజు

నిన్న అమావాస్య. తెల్లవారుజామున నాలుగింటికి సముద్రం బాగా పాటు మీదుంది, తడి ఇసుక చాలా దూరం బయటపడింది. తాబేలు జాడ వెతకడానికి ఇంతకంటే మంచి వేళ లేదు. నీళ్ల నుంచి పైకి ఒక చాలు, పక్కనే కిందికి ఇంకో చాలు, వెడల్పు రెండున్నర అడుగుల లోపు. కుడి రెక్క గుర్తూ ఎడమ రెక్క గుర్తూ జంటగా కాక ఒకటి విడిచి ఒకటి పడ్డాయి కాబట్టి ఇది ఆలివ్ రిడ్లే. పచ్చ తాబేలైతే రెండు ముందు రెక్కలూ ఒకేసారి వేస్తుంది.

ఈ తల్లి పోటు గీతకు నాలుగడుగుల పైనే ఆగిపోయింది. కారణం ఎదురుగానే కనిపిస్తోంది: మోకాలెత్తు ఇసుక గట్టు. నవంబరు వాయుగుండాలకు కోసుకుపోయిన ఒడ్డు ఇంకా పూర్తిగా పూడలేదు. ఈశాన్య గాలుల కాలంలో ఇసుక దక్షిణానికి నడుస్తుంది, వేసవి గాలి తిరిగాక ఉత్తరానికి మళ్లుతుంది. ఆ మధ్యకాలంలోనే తాబేళ్లు గుడ్లకు వస్తాయి. గట్టు ఎక్కలేనివి కొన్ని ఊరికే వెనక్కి పోతాయి, కొన్ని కిందే పెట్టేస్తాయి. గట్టు పైన బాలబందితీగ, రావణాసురుడి మీసాలు అనే ఇసుక గడ్డి ఉన్నచోట ఇసుక నిలిచి మెల్లగా ఏటవాలు అవుతుంది. సరుగుడు తోట నీటి అంచుదాకా దిగినచోట ఆ ఏటవాలే ఉండదు. పైగా నీడా, చెట్ల వేళ్లూ అడ్డం.

ఇంకో పదిహేనడుగులు పైన పెట్టి ఉంటే ఇనుప వల కప్పి అక్కడే వదిలేయాల్సిన గుడ్లివి. ఉన్నచోటే పొదగడం ఎప్పుడూ మేలు. పెద్ద పోటుకు మునిగే చోటు కనుక హేచరీకి, అంటే కంచె వేసి గుడ్లు పొదిగించే చోటికి, తరలించక తప్పలేదు.

తల్లి పొట్టతో దరువేసి అణగ్గొట్టిన చోట పైపొర గట్టిగా ఉంటుంది, గుంట మూతి మీద మాత్రం చేతివేళ్లు సులువుగా దిగుతాయి. కర్ర గుచ్చి వెతికితే గుడ్లు చిట్లుతాయి, చేత్తోనే తవ్వాలి. లోతు అడుగున్నర, కూజాలా మూతి సన్నం, అడుగు వెడల్పు. లెక్కపెడితే 114. రెండు చిట్లి ఉన్నాయి, మిగతావి 112.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. తాబేలు గుడ్డు కోడిగుడ్డు కాదు, పొదిగేటప్పుడు తిప్పకూడదు. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పైభాగాన పొరకు అంటుకుంటుంది. ఒక రోజు తర్వాత చూస్తే అక్కడ సున్నం చుక్కలాంటి తెల్లమచ్చ కనిపిస్తుంది. అప్పుడు గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. పైకి గుడ్డు బాగానే ఉంటుంది కాబట్టి యాభై రోజుల తర్వాత గానీ తప్పు బయటపడదు. అందుకే పెట్టిన ఆరు గంటల లోపే కదపాలి, ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచి తీయాలి. బకెట్ అడుగున ఆ గుంటలోని తడి ఇసుకే పరిచాం. బండి మీద కాదు, చేత్తో పట్టుకుని నడక.

హేచరీలో గుంట అదే లోతు, అదే కూజా ఆకారం, గుంటకూ గుంటకూ మీటరు ఎడం. పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యేంత తడి ఇసుక ముందు, పొడి ఇసుక చివర్న పైన. పోయినేడు వాడిన స్థలం ఈ ఏడు వాడకూడదు, కుళ్లిన గుడ్ల బూజు, పురుగులు ఇసుకలో మిగిలే ఉంటాయి. కంచె అడుగు లోతు దిగాలి, లేకపోతే నక్క, కుక్క, పీత ఏదో ఒకటి దూరుతుంది.

మధ్యాహ్నం ఉల్లంకిపిట్టలు నీటి అంచున పరుగులు పెడుతున్నాయి. ఎండ ముదిరితే వాటి ఉత్తరాది ప్రయాణం మొదలవుతుంది. ఇసుక ఇప్పటికే కాలుతోంది. గుంటలో వేడి 29-30 డిగ్రీల కంటే పెరిగితే ఆడపిల్లలు ఎక్కువ, తగ్గితే మగపిల్లలు ఎక్కువ. 34 దాటి నిలిస్తే చాలా పిండాలు బతకవు. మార్చి గుంటలకు షేడ్ నెట్ అందుకే. జనవరి గుంటల్ని అశ్రద్ధ చేయకూడదన్నదీ అందుకే, చల్లదనంలో మగపిల్లలు వచ్చేది వాటిలోంచే.

జనవరి 20 నాటి గుంట మీద సాయంత్రం ఇసుక సొట్టపడింది. యాభైమూడో రోజు. రాత్రి ఎనిమిదికి ముందు ఒక ముక్కు బయటికొచ్చింది, కొసన గుడ్డు చీల్చిన చిన్న తెల్లటి ముల్లు ఇంకా ఊడలేదు. తర్వాత ఇసుక ఉడుకుతున్నట్టు అందరూ ఒకేసారి. ఒక్కొక్కటీ అరచేతిలో సగం కూడా లేదు. దీపాలన్నీ ఆపేశాం. వెలుతురున్న వైపే వాటి నడక కనుక రిసార్టు బల్బు ఒక్కటి చాలు దారి తప్పడానికి. నీళ్లలో వదలకూడదు, ఐదారు మీటర్ల పైన వదిలితే తమంతట తాము నడవాలి. తెల్లారేదాకా బకెట్లో ఉంచి జనానికి చూపించడం పెద్ద హాని. పొట్టలో మిగిలిన సొన బలం మొదటి రోజు ఈతకు కావాలి, అది బకెట్లోనే కరిగిపోతుంది.

కొత్త గుంట కర్రకు కట్టిన రేకు మీద రాసింది: మార్చి 14, గుడ్లు 112, ఏప్రిల్ 28 నుంచి రోజూ చూడాలి.