నెక్స్ట్ బటన్ పనిచేయని రోజు

నిన్న సాయంత్రం ఫోను ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. గంటస్తంభం దగ్గర ఓ షాపులో ఇస్తే రేపు సాయంత్రం రమ్మన్నాడు. విజయనగరం నుంచి ఆమదాలవలసకి పోనూ రానూ రైల్లో ఏం చెయ్యాలా అనుకుంటూ సొరుగు వెతికితే, పాత కరెంటు బిల్లుల కింద అన్నయ్య ఎంపీత్రీ ప్లేయర్ దొరికింది. అగ్గిపెట్టెంత ఉంటుంది. 1 జీబీ. 2008లో వాడి మొదటి జీతంతో కొన్నది. 2001లో ఐపాడ్ వచ్చినప్పుడు "జేబులో వెయ్యి పాటలట" అని వీధి వీధంతా చెప్పుకు తిరిగాడు. తీరా జీతం చేతికొచ్చాక ఈ పేరులేని సరుకు దగ్గర ఆగాడు. ఐపాడ్ తయారీ 2022లో ఆపేశారు. మాది ఇంకా బతికే ఉంది.

బతికే అంటే, ఏదో. పాత కెమెరా కేబుల్ దీనికి సరిపోయింది. రాత్రంతా పెడితే బ్యాటరీ మూడు గీతల్లో రెండు నిండాయి. వైరు ఇయర్‌ఫోన్స్ చిక్కు తీసేసరికి పొద్దున్న టీ చల్లారిపోయింది. తెర మీద పాటల పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా ఉన్నాయి, దానికి తెలుగు రాదు.

పాసింజర్‌లో కిటికీ సీటు దొరికింది. నెల్లిమర్ల రాకుండానే మొదలుపెట్టాను. మొదట వినాయకుడి పాట. మా ఇంట్లో ఎవరు పాటలెక్కించినా ఇంతే. రెండోది అన్నయ్యకి ప్రాణం, నాకు తలనొప్పి. నెక్స్ట్ నొక్కాను. కదల్లేదు. గట్టిగా నొక్కాను. గోరు నొప్పెట్టింది తప్ప ఏమీ కాలేదు. సరే కానీ అని విన్నాను. ఈ ప్లేయర్ అక్షర క్రమం చూడదు, ఏ పాట ముందు కాపీ చేస్తే అది ముందు పాడుతుంది. అంటే ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చుని అన్నయ్య ఏ వరసలో ఎక్కించాడో, ఇన్నేళ్ల తర్వాత కూడా అదే వరస. ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట ఎత్తుగడ నా నోట్లోకి వచ్చేస్తోంది. ఫోన్లో ఎన్ని వేల పాటలున్నా ఇలా జరగలేదు.

తొమ్మిదోది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్. మూడు నిమిషాల్లో అయిపోయే పాత గ్రామఫోన్ రికార్డుది. మా ఊరి సంగీత కళాశాలలో పాఠం చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయినాయన. చిత్రమేమిటంటే ఈ చిన్న డబ్బాలో అన్నిటికన్నా బాగా వినిపించింది అదే. ఫైలు చిన్నదవ్వాలని 128 కేబీపీఎస్‌కి నొక్కేసిన కొత్త సినిమా పాటల్లో తాళాలు, గజ్జెలు ఇసకలో దొర్లినట్టున్నాయి. పాత రికార్డులో అంత సన్నటి శబ్దాలు మొదటే లేవు కాబట్టి నొక్కినా పెద్దగా పోయిందేమీ లేదు.

చీపురుపల్లిలో ముంజల బుట్టతో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది.

"ఏటమ్మా అది, సెవిటి మిసనేటి?"

"కాదమ్మా, పాటలది."

"ఇంత ముక్కలోనా! ఏటోలే. డజను తీసుకో."

బుట్టకి స్కాన్ చేసుకునే అట్ట కట్టి ఉంది. నాకు ఫోనే లేదు. పర్సులో వెతికితే ఉన్న నోట్లు తిరుగు ఆటోకి సరిపోతాయి, అంతే. పాటల డబ్బా ముంజలు కొనిపెట్టదు కదా. అరడజనుతో సరిపెట్టుకున్నాను.

సిగడాం దాటాక పద్నాలుగో పాట దగ్గర బిగుసుకుపోయింది. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. వెనక చిన్న కన్నం ఉంటుంది, అందులో గుచ్చితే మళ్లీ లేస్తుంది. గాజుకున్న పిన్నీసు తీసి గుచ్చాను. లేచింది. లేచి వినాయకుడి పాట అందుకుంది! నెక్స్ట్ లేదు, కాబట్టి పద్నాలుగు దాటే దారి లేదు. రేడియోకి మార్చాను. దీనికి ఇయర్‌ఫోన్ వైరే ఏంటెనా. వైరు కిటికీ వైపు లాగి పట్టుకుంటే మాటలు, ఒళ్లో పడేస్తే గరగర. దూసి వరకూ అలా చెయ్యి చాపుకునే కూర్చున్నాను. ముంజలావిడ నన్ను చూసి పక్కావిడతో ఏదో అని నవ్వింది.

సాయంత్రం తిరుగు రైల్లోనూ అవే పదమూడు పాటలు. మిగతా రెండొందల పైచిలుకు పాటలు లోపలే ఉన్నాయి, చేతికందవు. రెండో పాట రెండోసారి అంత తలనొప్పిగా లేదు, చరణంలో వీణ బిట్ ఒకటుంది. ఇన్నేళ్లూ అందాకా రాకుండానే దాటేశానన్నమాట.

ఫోను తెచ్చుకున్నాక అన్నయ్యకి చేశాను. "పద్నాలుగో పాటేదిరా?" అన్నాను. ఏమాత్రం ఆలోచించకుండా పల్లవి పాడాడు.

రాత్రి ప్లేయర్‌ని కంప్యూటర్‌కి పెట్టి పాడైన ఆ ఫైలు తీసేశాను. అన్నయ్య పాడింది వాట్సాప్‌లో మళ్లీ పంపించమని, దాన్ని ఎంపీత్రీ చేసి ఎక్కించాను. కొత్తది కదా, చిట్టచివరకి పోతుందనుకున్నాను. ఖాళీ అయిన చోటే వెతుక్కుని కూర్చున్నట్టుంది. పడుకునే ముందు పెట్టి చూస్తే, పదమూడోది అవ్వగానే వాడి గొంతు, వెనక వాళ్లింటి కుక్కర్ విజిలూ వచ్చాయి.